బాంబులు పడ్డ ఏడు, ఉప్పెన వచ్చిన ఏడు: సామాన్యుల జీవితాలకు తేదీలు కట్టడం ఎలా?

ఎనభై తొంభై ఏళ్లు బతికిన మనిషిని "నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావు?" అని అడిగితే సాధారణంగా ఒక తప్పు అంకె వస్తుంది. "అష్టగ్రహ కూటమి అప్పటికి నీకు పిల్లలా?" అని అడిగితే నికరమైన జవాబు వస్తుంది. "పెద్దోడు చంకలో ఉన్నాడు, రెండోది కడుపులో ఉంది" అంటారు. ఆ కూటమి 1962 ఫిబ్రవరి మొదటి వారంలో. అంటే రెండో బిడ్డ పుట్టిన ఏడు ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

సామాన్యుల జీవితాలు రాసేటప్పుడు కాలాన్ని వెనక కట్టిన తెరలాగా వాడటం మనకు అలవాటైపోయింది. "ఆయన పుట్టినప్పుడు దేశంలో క్విట్ ఇండియా నడుస్తోంది" అని ఒక వాక్యం, తర్వాత ఆయన కథ. రెండింటికీ ముడి ఉండదు. నిజానికి ఆ సంఘటనలే ఆ మనిషికి గడియారం. రికార్డులు లేని ఇంట్లో కాలం కొలిచే సాధనం ఇంకొకటి లేదు. అయితే ఆ గడియారం ఊరూరికీ వేరుగా కొడుతుంది. పని అంతా అక్కడే ఉంది.

"స్వరాజ్యం వచ్చిన ఏడు" అనే మాటనే తీసుకోండి. గుంటూరు జిల్లా ముసలాయన అంటే 1947. నల్లగొండ ముసలాయన అదే మాట అంటే చాలాసార్లు 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా నడిచిన పోలీసు యాక్షన్. యానాంలో ఫ్రెంచివాళ్లు పోయింది 1954లో. కాబట్టి సంఘటన పేరు విన్నప్పుడు మొదట అడగవలసింది "అప్పుడు మీరు ఏ ఊళ్లో ఉన్నారు?" అని. పెళ్లయి జిల్లా దాటి వచ్చిన ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. పుట్టింటి గడియారం ఒకటి, అత్తింటి గడియారం ఒకటి.

నీళ్ల సంగతీ అంతే. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. కానీ వదిలిన రోజే ప్రతి పొలానికీ నీళ్లు రావు. పిల్లకాలువలు తవ్వాలి, చివరి భూముల దాకా పారాలి. "సాగర్ నీళ్లొచ్చాక చెల్లి పెళ్లి చేశాం" అంటే 1967 అని రాసెయ్యకూడదు. ఆ ఊరి తూముకు నీళ్లు ఎప్పుడొచ్చాయో ఊళ్లో మరో ఇద్దరు రైతుల్ని అడగాలి. నయాపైసలూ అలాగే. చట్టం 1957 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, రూపాయికి పదహారు అణాలు పోయి నూరు పైసలయ్యాయి. నోట్లో లెక్క మాత్రం చాలాకాలం బేడ, పావలా, అర్ధరూపాయిగానే నడిచింది. పావలా అన్న మాట నాణెం పోయాక కూడా బతికే ఉంది. కూలి "నాలుగణాలు" అన్నంత మాత్రాన 1957కి ముందు అనుకోవడం తప్పు. "కానీ" అంటే, అంటే అణాలో నాలుగో వంతు అంటే, కొంత నమ్మవచ్చు.

సంవత్సరాల పేర్లు, ఫస్లీలు

పాత కాగితాల్లో, జాతకాల్లో, బావిగోడ మీద చెక్కిన రాతల్లో ఇంగ్లీషు ఏడు ఉండకపోవచ్చు. తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. దాన్ని మార్చుకునే లెక్క తేలిక. ఇంగ్లీషు ఏడులోంచి 1867 తీసెయ్యండి, 60తో భాగించండి, మిగిలినదానికి ఒకటి కలపండి. ప్రభవ మొదలుకొని ఎన్నో పేరో తెలుస్తుంది. 1948లోంచి 1867 పోతే 81, అరవై పోగా 21, ఒకటి కలిపితే 22. ఇరవై రెండోది సర్వధారి. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులకు ముందటి ఏడు పేరే వాడాలి. ఇది మరిచిపోతే మాఘ ఫాల్గుణాల్లో జరిగిన పెళ్లిళ్లన్నీ ఏడాది జరిగిపోతాయి. మన పెళ్లిళ్లు ఎక్కువగా జరిగేది ఆ నెలల్లోనే కదా.

ఈ పద్ధతిలో పెద్ద గోతి అరవై ఏళ్లకోసారి పేరు మళ్లీ రావడం. రాయలసీమలో "ధాత కరువు" అంటే 1876లో మొదలైన మహా కరువు. మళ్లీ 1936లో ధాత వచ్చింది. "మా తాత ధాత సంవత్సరంలో పుట్టాడు" అన్న వాక్యం దానికదిగా సరిపోదు. ఆయన మనవడి వయసు చూస్తే ఏ చుట్టో తేలుతుంది.

తెలంగాణలో నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఫస్లీలో, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరాల వరసలో ఉంటాయి. ఇంగ్లీషు ఏడు రావాలంటే ఫస్లీకి 590 కలపాలని అందరూ చెబుతారు, అది సగమే నిజం. హైదరాబాదు ఫస్లీ అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఆజూర్, దై, బహ్మన్ నెలలకు 590 కలిపితే చాలు. ఇస్ఫందార్ నుంచి 591 కలపాలి, అంచులో పడ్డ కొద్ది రోజులు అటూ ఇటూ అవుతాయి. 1357 ఫస్లీ అమర్‌దాద్ అని ఉంటే అది సుమారు 1948 జూన్, అంటే రజాకార్ల గోల నడుస్తున్న కాలం. 1947 అని రాస్తే ఆ కుటుంబం ఊరు విడిచి సరిహద్దు దాటిన కారణమే అర్థం కాకుండా పోతుంది. మద్రాసు వైపు రెవెన్యూ ఫస్లీ జూలై 1న మొదలవుతుంది. ఒకే ఫస్లీ అంకె బెజవాడలో, ఖమ్మంలో మూడు నెలల తేడాతో నడుస్తుందన్నమాట.

డబ్బులోనూ ఇదే చిక్కు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు, బ్రిటిషు ఇండియా కల్దార్ వేరు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. "నలభై రూపాయలకు ఎడ్లజత కొన్నాం" అని సరిహద్దు ఊళ్లలో చెప్పినప్పుడు ఏ రూపాయో అడగకపోతే ధరల పోలిక అంతా వంకర పోతుంది.

ఒక కల్పిత లెక్క

పద్ధతి కళ్లకు కట్టాలంటే ఒక ఉదాహరణ కావాలి. ఇది కట్టినది, ఎవరి కథా కాదు. కాకినాడ దగ్గర పల్లెలో ఒక ముసలామె ఉందనుకుందాం. ఆధార్‌లో పుట్టిన ఏడు 1936 అని ఉంది. ఆమె చెప్పేవి మూడు ముక్కలు. పెళ్లి యానాంలో అయింది. పెళ్లయిన నెలకే కాకినాడలో బాంబులు పడ్డాయి. మొదటిసారి ఓటు వేసినప్పుడు రెండు కాగితాలు ఇచ్చారు, రెండు పెట్టెల్లో వేసింది.

కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. పెళ్లి మార్చిలో అన్నమాట. మరి యానాంలో ఎందుకు? 1930 ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం. యానాం ఫ్రెంచివాళ్లది, అక్కడ ఆ చట్టం లేదు. గోదావరి జిల్లాల వాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి అక్కడ తాళి కట్టించి వచ్చేవారు. కాబట్టి "యానాంలో పెళ్లి" అన్న మాటలోనే ఒక వయసు దాగి ఉంది. 1942 మార్చికి ఆమెకు పద్నాలుగు నిండలేదు. అంటే 1928 మార్చి తర్వాత పుట్టింది.

ఇక ఓటు. తొలి రెండు సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో పెట్టె ఉండేది. కాగితం మీద ముద్ర వేసే పద్ధతి తర్వాత వచ్చింది. పెట్టెలు అంటే 1952, 1955, 1957ల్లో ఒకటి. ఆంధ్ర ప్రాంతంలో 1955 ఫిబ్రవరిలో జరిగింది ఒక్క అసెంబ్లీ ఎన్నికే. 1957లో ఆ ప్రాంతంలో జరిగింది లోక్‌సభ ఎన్నికే, ఎందుకంటే 1955 అసెంబ్లీ ఇంకా ఉంది. ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకునే నియోజకవర్గం కాకపోతే, రెండు కాగితాలు ఇచ్చింది 1952లో మాత్రమే. (తెలంగాణలో ఈ గుర్తు పనికిరాదు. అక్కడ 1952లోనూ 1957లోనూ రెండేసి.) అప్పుడు ఓటుకు 21 ఏళ్లు ఉండాలి, ఆ జాబితాలకు లెక్కగట్టిన తేదీ 1950 మార్చి 1. అంటే ఆమె 1929 మార్చి 1కి ముందు పుట్టి ఉండాలి.

రెండూ కలిపితే 1928 మార్చికీ 1929 ఫిబ్రవరికీ మధ్య. తెలుగు లెక్కలో దాదాపుగా విభవ సంవత్సరం. ఇంట్లో ఎవరో "విభవలో పుట్టిందని మా అమ్మ అనేది" అన్నారంటే మూడో కాలు కూడా దొరికినట్టే. ఆధార్ ఏడు 1936 నిజమైతే ఆమె పదహారేళ్లకే ఓటు వేసి ఉండాలి.

ఈ లెక్కలో బలహీనమైన చోట్లు కూడా చెప్పుకోవాలి. యానాం పెళ్లికి కారణం పెళ్లికొడుకు వయసు కావచ్చు, అప్పుడు మొదటి హద్దు కూలిపోతుంది. ఓటర్ల జాబితా రాసినవాడు కంటితో చూసి "ఇరవై ఒకటి ఉంటాయిలే" అని రాసి ఉండవచ్చు, అప్పుడు రెండోది ఏడాది రెండేళ్లు సడలుతుంది. అందుకే తేల్చిన ఏడును ఒంటరిగా రాయకుండా "1928, రెండేళ్లు అటూ ఇటూ" అని, పక్కన ఆధారం ఏమిటో రాసిపెట్టాలి. పదేళ్ల తర్వాత ఇంకొకరు కొత్త కాగితం పట్టుకొస్తే ఏ కాలు విరిగిందో వాళ్లకు తెలుస్తుంది.

కాగితం ఎటువైపు అబద్ధమాడుతుంది?

ప్రభుత్వ కాగితాల్లో వయసు తప్పుగా ఉంటుందని అందరికీ తెలుసు. అయితే ఆ తప్పు గాలివాటంగా పడదు, దానికో దిక్కు ఉంటుంది. ఆ కాగితంతో ఎవరికి ఏం కావాలో చూస్తే దిక్కు తెలుస్తుంది. బడిలో వేసిన తేదీ ఉద్యోగం దృష్టిలో పెట్టుకుని వేసింది, కాబట్టి వయసు తగ్గుతుంది. జూన్‌లో బడి తెరిచేనాటికో ఆ పక్క నెలకో ఐదేళ్లు నిండేలా మాస్టారే జూలై 1 వేసిన సందర్భాలు కోకొల్లలు. ఒక తరగతిలో సగం మంది పుట్టినరోజు అదే అయితే అనుమానించాల్సింది తేదీని, నెలను. ఏడు మాత్రం ఏడాది రెండేళ్ల తేడాలో సరిగానే ఉండవచ్చు. పింఛను కోసం రాయించిన వయసు పెరుగుతుంది. పాత రేషన్ కార్డుల్లో వయసు అసలు కదిలేది కాదు, పాత కార్డు చూసి కొత్తది రాసేవారు కాబట్టి నలభై నలభైగానే ఉండిపోయేది.

జననాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చి 1970 ఏప్రిల్ నుంచి అమలైంది. అంతకుముందు కోస్తా, సీమ జిల్లాల్లో మునసబు రాసిన జనన మరణ రిజిస్టర్లు ఉండేవి. అవి దొరికిన చోట చాలా నికరం, ఎందుకంటే బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే రాసినవి. చిక్కేమిటంటే అందులో బిడ్డకు పేరు ఉండదు. "ఫలానావారికి మగబిడ్డ" అని ఉంటుంది. ముందు పుట్టి పోయిన బిడ్డ నమోదును బతికిన బిడ్డదిగా పొరబడటం ఇక్కడ జరిగే ప్రధానమైన తప్పు. అందుకే ఆ తల్లికి పుట్టినవాళ్లందరినీ, పోయినవాళ్లతో సహా, వరుసగా రాసుకున్నాకే రిజిస్టరు తెరవాలి.

భూమి కాగితాలు మనిషి ఉనికికి గట్టి సాక్ష్యం. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) మొదటి మెట్టు. అందులో పట్టాదారు ఎవరు, సాగు చేస్తున్నది ఎవరు అన్నవి వేరువేరు గడుల్లో ఉంటాయి. కౌలుదారు కుటుంబాల చరిత్రకు ఆ రెండో గడే ప్రాణం. ఆంధ్ర వైపు అడంగల్ (ఏటేటా రాసే సాగు లెక్క), ఆర్‌ఎస్‌ఆర్ (సెటిల్‌మెంటు నాటి భూమి రిజిస్టరు) చూడాలి. తేదీ లేని దరఖాస్తు దొరికితే చిరునామా చూడండి. తాలూకా అని ఉంటే 1985కి ముందు, మండలం అని ఉంటే తర్వాత. కరణం సంతకం ఉంటే 1984కి ముందు, ఎందుకంటే ఆ ఏడు మొదట్లోనే వంశపారంపర్య గ్రామాధికారుల్ని తీసేశారు.

ప్రామిసరీ నోటును మాత్రం చూడగానే నమ్మకూడదు. దాని గడువు మూడేళ్లు. అది తీరిపోకముందే అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకోవడం రివాజు. పెట్టెలో దొరికిన 1968 నోటు 1959లో కూతురి పెళ్లికి చేసిన అప్పుదే కావచ్చు. మొత్తం గుండుగా లేకుండా చిల్లరతో ఉంటే, 1,187 రూపాయలు లాంటి అంకె ఉంటే, అది తిరగరాసిన నోటే అనుకోవచ్చు. 1968 కరువుకు అప్పు చేశారని అందమైన వాక్యం రాసేముందు ఈ అనుమానం రావాలి.

జ్ఞాపకం ఎక్కడ జారుతుంది?

ఒకే జాతి సంఘటనలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కృష్ణా తీరంలో గాలివానల్నే చూడండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1990 మే తుపాను, అంతకుముందు 1969 మే తుపాను ముప్పై ఏళ్లు గడిచేసరికి ఒకే రాత్రి అయిపోతాయి. విడదీయడానికి తుపాను గురించి అడిగితే లాభం లేదు, పొలం గురించి అడగాలి. చేలో వరి కోతకు వచ్చి ఉందా? అయితే నవంబరు. మామిడికాయ రాలిందా, ఎండాకాలమా? అయితే మే. ముందే మైకుల్లో చెప్పి జనాన్ని ఖాళీ చేయించారా? అయితే 1990. 1977లో చాలా ఊళ్లకు హెచ్చరిక అందలేదు, సముద్రమే ఊళ్ల మీదికి వచ్చింది. వారం కూడా గొప్ప సాక్షి. ఉప్పెన శనివారం. సంత ఏ వారమో ఊళ్లో ఎవరూ మరిచిపోరు, "సంత మర్నాడు" అన్న మాటతో వారం పట్టవచ్చు.

గోదావరి వైపు 1953, 1986 వరదలు ఇలాగే అతుక్కుంటాయి, రెండూ ఆగస్టులోనే. 1953 నాటికి ఆంధ్ర రాష్ట్రమే ఏర్పడలేదు, అది ఆ అక్టోబరు 1న వచ్చింది. ఆ వరదకు సాయం కోసం వెళ్లింది మద్రాసు ప్రభుత్వం దగ్గరికి. "రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు" అంటే 1986. తోకచుక్క కూడా అంతే. 1910లో హేలీ, 1965 అక్టోబరులో మరొకటి. ఇవాళ బతికున్నవాళ్లు ఈ రెంటిలో కళ్లారా చూశామంటే రెండోదే, మొదటిది వాళ్ల అమ్మ చెప్పగా విన్నది.

ఆకాశం సంఘటనలు రాజకీయ సంఘటనల కంటే మంచి కొలబద్దలు అనడానికి కారణం ఉంది. వాటికి ఊరి తేడా లేదు, ఒక్కరోజులో అయిపోతాయి. 1979 జూలైలో స్కైలాబ్ మన మీద పడుతుందని పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారు. చివరికి అది ఆస్ట్రేలియాలో పడింది. తర్వాత ఏడు నెలలకు, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రల మీదుగా ఒడిశా వైపు వెళ్లింది. ఈ రోజుల చుట్టూ పుట్టిన బిడ్డకు దాదాపు నెలతో సహా తేదీ కట్టవచ్చు, కడుపుతో ఉన్నామె గ్రహణం నాడు కదలకుండా పడుకుందో లేదో ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. ఎమర్జెన్సీ అలా కాదు. అది 21 నెలలు నడిచింది, ఒకరికి మంచి ఆఫీసు క్రమశిక్షణ, ఇంకొకరికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం, మరొకరికి అలాంటిదొకటి జరిగిందనే తెలియదు. పుష్కరాలు సాయపడతాయి కానీ పన్నెండేళ్ల తప్పుకు దారితీస్తాయి. గోదావరికి 1979, 1991, 2003, 2015. కృష్ణకు ఆ మరుసటి ఏడు.

అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. పదేళ్లకో కాగితం తీసుకుని నిలువునా మూడు గళ్లు గీయాలి. ఇల్లు, ఊరు, లోకం. పెన్సిలుతోనే రాయాలి. ముందు ఇంటి గడి నింపాలి, అంటే పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు, ఇల్లు మారడం, పశువులు కొనడం అమ్మడం. లోకం గడి చివర నింపాలి. తిరగేసి చేస్తే చెప్పేవాళ్లు పాఠ్యపుస్తకం అప్పజెబుతారు. పొద్దున పూట, ముప్పావు గంటకు మించకుండా, రెండు మూడు రోజులు ఎడం ఇచ్చి అడిగితే మధ్యలో వాళ్లకే కొన్ని గుర్తొస్తాయి. కొడుకులు పక్కన కూర్చోకుండా చూసుకోవడం కష్టమే కానీ అవసరం. "కాదమ్మా, అది డెబ్భై రెండు" అని కొడుకు ఒకసారి దిద్దాక తల్లి ఇక అన్నిటికీ అతని వైపే చూస్తుంది. చెల్లెలు గానీ తోటికోడలు గానీ ఉంటే విడిగా అడగాలి. రెండు జవాబులు కలవకపోతే రెండూ రాసుకోవాలి, సగటు కట్టకూడదు.

గళ్లు నిండాక లోకం గడిలోని చాలా సంఘటనల్ని కొట్టెయ్యాలి. కూలి రేటో, నీళ్లో, తిండిగింజల ధరో, బడో, రోగమో కదిలించిన సంఘటననే ఉంచాలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన సంగతి కూలి ఇంటి చరిత్రలో పెద్ద మలుపు, పదెకరాల మాగాణి ఉన్న ఇంట్లో వట్టి వార్త. 1972-73 జై ఆంధ్ర ఉద్యమం కాలేజీ కుర్రాడికి చదువులో పోయిన ఏడాది, అందువల్ల వెనకపడ్డ ఉద్యోగం. వాళ్ల అమ్మకు మాత్రం ఆ ఏడు కొడుకు ఇంటిపట్టున ఉన్న ఏడు. రెండూ రాయదగినవే.

ఎంత వెతికినా అన్నిటికంటే తక్కువ దొరికేది ఆడవాళ్ల పేర్లు. మొదటి ఎన్నికల జాబితాల్లో సొంత పేరు చెప్పకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్న దాదాపు 28 లక్షల మందిని దేశం మొత్తమ్మీద కొట్టేశారు, అందులో ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు. మన దగ్గర చిక్కు ఇంకోలా ఉంటుంది. అత్తింట్లో అదే పేరుతో ఆడపడుచో అత్తో ఉంటే కోడలి పేరు మార్చేవారు. పుట్టింటి కాగితాల్లో ఒక పేరు, మెట్టినింటి కాగితాల్లో ఇంకో పేరు, ఇద్దరు మనుషులనుకుని వెతుకులాట ఆపేస్తారు. పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చిన దస్తావేజు ఉంటే అందులో కూతురిగానూ భార్యగానూ ఒకేచోట కనిపిస్తుంది. భూమి లేని ఇంట్లో మిగిలేది సారె సామాను. ఇత్తడి బిందె మెడ మీద, కంచం అంచున పేరు, ఒక్కోసారి తేదీ చుక్కలుగా చెక్కించి ఉంటారు. అరిగిపోయిన అక్షరాలు చదవాలంటే చింతపండు పెట్టి తోమకూడదు, ఉన్న గీతలు కూడా పోతాయి. పొడిగుడ్డతో తుడిచి, చెక్కిన చోట విభూతి రుద్ది, పైపైన ఊదేసి, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడేలా పెట్టి ఫొటో తియ్యాలి. పాత బిందె ఇచ్చి కొత్తది మార్చుకుని పేరు మళ్లీ వేయించుకుని ఉంటే ఆ తేదీ పెళ్లిది కాదు, బిందెది. అది ఆమెనే అడగాలి.